పుల్కాల గోడ మీద కాగితం

తార్నాక,
2 జూలై 2025.

నా బంగారు తల్లి భూమికకు, మీ నానమ్మ కాశమ్మ రాసేది.

ముందు నీ ఒళ్లు ఎట్ల ఉన్నదో చెప్పు. కాలేజీలో దింపి వచ్చే రోజు గొంతు గరగర అన్నావు, తగ్గిందా? ఎడమ కాలి బొటనవేలి గోరు లోపలికి పెరుగుతున్నది గదా, బూటు ఒత్తుతున్నదా? నీ పక్క మంచం పిల్ల అమల, ఆ రోజు నేను చూస్తుండగానే మూడుసార్లు తుమ్మింది, ఆమెకు ఎట్ల ఉన్నది? ఆమె తుమ్మేటప్పుడు నువ్వు అవతలికి తిరిగి పడుకో. మీ వార్డెన్ మేడమ్ రెండు మెట్లు ఎక్కగానే రొప్పింది, బీపీ ఉన్నదేమో, చూపించుకున్నదా? వంటామె చేతికి కట్టు ఉండె, కాలిన పుండు మానిందా? గేటు కాడ ఉండే ఆయనకు దగ్గు ఉన్నది, అది తగ్గని దగ్గులాగ వినిపించింది నాకు.

ఇక్కడ మీ తాత సామేలు మోకాలు అట్లనే ఉన్నది. మీ నాన్నకు వ్యాను నడిపి నడిపి నడుము పట్టింది. మీ అమ్మ వనజ మిషను మీద జాకెట్లు కుట్టి కుట్టి కళ్లు మండుతున్నాయంటున్నది. నాకు ఏ రోగమూ లేదు, నీ గురించి ఆలోచన ఒక్కటే.

ఆదివారం వార్డెన్ మేడమ్ ఫోన్‌లో అయిదు నిమిషాలు మాట్లాడావు. ఆ అయిదు నిమిషాల్లో ‘బాగున్నా’ అని పదకొండుసార్లు అన్నావు. బాగున్నవాళ్లు ఒక్కసారే అంటారు. మేడమ్ పక్కనే నిలబడితే నువ్వు మాత్రం ఏం చెప్తావు? అందుకే ఉత్తరం రాస్తున్నాను. నాలుగో తరగతి చదువు నాది, ఈ కాగితం నిండేసరికి రెండు రోజులు పట్టింది. నువ్వు కూడా రాయి.

అక్కడ పాఠాలన్నీ ఇంగ్లీషులోనే అని మీ నాన్న చెప్పాడు. పదో తరగతి దాకా తెలుగులో చదివిన పిల్లవు, ఎట్ల నెగ్గుకొస్తున్నావో అని గుండె దడ. ఒక ఉపాయం ఉన్నది. నేను పనిచేసే యూనివర్సిటీ ఆడపిల్లల హాస్టల్ మెస్సుకు ఒక పెద్ద మేడమ్ వస్తుంది. ఇంగ్లీషులో చాలా చదువుకున్నది. నువ్వు ఇంగ్లీషులో ఏం రాసినా నాకు పంపు, ఆమెతో దిద్దించి తిరిగి పంపుతాను.

పదమూడో తారీకు రెండో ఆదివారం, ఇంటివాళ్లు వచ్చి చూసే రోజు గదా. నేనూ తాతా వస్తాం. ఏం కావాలో రాయి.

నీ నానమ్మ.

•

కాలేజీ హాస్టల్, జనగామ దారి,
8 జూలై 2025.

నానమ్మకు,

నేను బాగున్నాను. ఒక్కసారే రాశాను చూడు. గొంతు తగ్గింది. వేలు బాగుంది. అమల ఇంకా తుమ్ముతోంది, దుమ్ము పడదట. మిగతావాళ్లు కూడా బాగానే ఉన్నారు.

మా ఇంగ్లీషు సార్ దివాకర్ గారు కొన్ని మాటలు ఇచ్చారు. వాంట్, హోప్, ట్రై, డిసైడ్, రిఫ్యూజ్, ప్రిటెండ్, ప్రామిస్. వీటి వెనక ‘టు’ పెట్టి ఇంకో పని చెప్పాలి. ఇంకొన్నిటికి వేరేవి వస్తాయి, వెయిట్ ఫర్, డిపెండ్ ఆన్, లిసన్ టు, బిలాంగ్ టు. “పుస్తకంలోవి ఎక్కించొద్దు, మీ బతుకులో రోజూ జరిగేవే రాయండి, అప్పుడే నోటికి వస్తాయి” అన్నారు. పన్నెండు వాక్యాలు రాశాను. సార్‌కు ఇచ్చేముందు మీ మేడమ్‌ను చూడమను. ఆమెను ఒక్కదాన్నే. నీకు ఎలాగూ అర్థం కావు కాబట్టి నువ్వు చూసినా ఏం కాదు.

పదమూడున రావద్దు. యూనిట్ టెస్టులు ఉన్నాయి.

భూమిక.

•

తార్నాక,
28 జూలై 2025.

బంగారు తల్లికి,

టెస్టులు అయినాయా? రాత్రి ఎంతసేపు మేలుకున్నావు? కళ్లు గుంజుతున్నాయా? టెస్టుల రోజుల్లో పొద్దున ఏమీ తినకుండా పోతావు నువ్వు, ఆ సంగతి నాకు తెలుసు, మీ వార్డెన్‌కు తెలియదు.

కాగితం దిద్దించి దీంట్లో పెట్టాను. ఆలస్యమైంది, మేడమ్‌కు తీరిక దొరకలేదు. అంచుల మీద కొంచెం నూనె పడ్డది, మూలలకు పిండి అంటింది, ఏమనుకోకు. మేడమ్ అన్ని రంగుల పెన్నులు వాడుతుంది. ఎక్కడా కొట్టివేతలు లేవు, పక్కనే చాలా రాసింది. నీది బాగున్నట్టే ఉన్నది.

నువ్వు రాసినప్పటి నుంచి మెస్సులో పిల్లల మాటలు చెవిపెట్టి వింటున్నాను. ఒక పిల్ల ప్లేటు చాపి, “ఆంటీ, ఐ వాంట్ టు ఈట్ వన్ మోర్” అంటుంది. నిజమే బిడ్డా, ఆ వాంట్ ఒక్కతే పోదు. మీ తాత కర్ర పట్టుకుంటే గాని గడప దాటనట్టు, అది టు చెయ్యి పట్టుకున్నాకే కదులుతుంది. వెయిట్ అనే దాని వెంట ఫర్ వస్తుంది. వెనక ఉన్నామె ముందున్నామెను “వెయిట్ ఫర్ మీ” అని రోజూ అరుస్తుంది. మొన్న వరసలో తోపులాట అయితే నేను గరిటె ఎత్తి, “వెయిట్ ఫర్ పుల్కా!” అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి మీ తాతకు చెప్తే, “ఈ ముసల్దానికి ఇంగ్లీష్ గాలి సోకింది, పాస్టర్‌తోని ప్రార్థన చేయించాలె” అన్నాడు.

ఆగస్టు పదో తారీకు రెండో ఆదివారం. ఈసారైనా రావచ్చునా? నిన్ను చూసి నెల దాటింది. ఫోన్‌లో నీ గొంతు సన్నబడ్డది. గొంతు సన్నబడితే మనిషి ఎంత సన్నబడ్డదో అని ఒకటే గుబులు.

నీ నానమ్మ.

•

కాలేజీ హాస్టల్,
2 ఆగస్టు 2025.

నానమ్మా,

ఆ కాగితం మీద ముప్పై నాలుగు చేతిరాతలు ఉన్నాయి. లెక్కపెట్టాను. ఎవరు వాళ్లంతా? ఒకామె ‘పుల్కాల గోడ మీద చదివాను’ అని రాసింది. గోడ ఏంటి? నా కాగితం గోడకు అంటించావా?

ఒక్క మేడమ్ చూస్తుంది అన్నావు. ఎవరో తెలియని మేడమ్, నన్ను ఎప్పుడూ చూడదు అనుకుని నిజం రాశాను. మన ఇంట్లో ఎవరికీ ఇంగ్లీషు రాదు కాబట్టి రాశాను. తెలుగులో అయితే రాసేదాన్నే కాదు. ఇప్పుడు మీ మెస్సు మొత్తానికి తెలుసు. నీకూ చెప్పే ఉంటారు. చెప్పకపోతే నేనే చెప్తున్నా, విను.

ఐ ప్రిటెండ్ టు స్లీప్. నిద్రపోయినట్టు నటిస్తా, ఎవరూ మాట్లాడించకుండా. ఐ రిఫ్యూజ్ టు ఈట్ విత్ దెమ్. వాళ్లతో కూర్చుని తినను, అందరూ పోయాక పోతా. ఐ డోంట్ బిలాంగ్ టు దిస్ ప్లేస్. ఇది నా చోటు కాదు. ఐ డిసైడెడ్ టు లీవ్ దిస్ కాలేజ్. వెళ్లిపోవాలని తేల్చుకున్నా.

బోటనీ క్లాసులో మేడమ్ ఒక ప్రశ్న అడిగింది. జవాబు నాకొక్కదానికే తెలుసు. లేచి ‘కిరణజన్య సంయోగక్రియ’ అన్నా. తెలుగులో అన్నానని క్లాసంతా నవ్వింది. అప్పటి నుంచి నా పేరు క్రియ. “ఏ క్రియా, చపాతీ తిన్నవా?” “క్రియక్కా, జర తెలుగుల తుమ్మవా?” ఇదీ ఇక్కడ నా బతుకు.

ఇంతదాకా వచ్చింది కాబట్టి ఇంకోటి కూడా చెప్పేస్తా. టీసీ కోసం దరఖాస్తు రాసి ఇందులో పెట్టాను. నాన్న సంతకం ఉంటేనే తీసుకుంటారు. పెట్టించి పంపు. దసరాలోపు వచ్చేస్తా. తార్నాక చౌరస్తాలో బట్టల షాపువాళ్లు ఆడపిల్లల్ని పనికి తీసుకుంటున్నారు, బోర్డు చూశాను.

పదిన రావద్దు.

భూమిక.

•

తార్నాక,
8 ఆగస్టు 2025.

బిడ్డా,

నీ ఒళ్లు ఎట్ల ఉన్నదని అడగడానికి కూడా ఈసారి నాకు మొహం లేదు.

మేడమ్ ఎవరూ లేరు. నీకు ధైర్యం రావాలని అబద్ధం చెప్పాను. నిరోష అనే పిల్ల ఉన్నది, ఇంగ్లీషులో పరిశోధన చేస్తుంది. ఎప్పుడూ పరుగు మీద ఉంటుంది, కూరలో చెయ్యి పెట్టి కూడా ఏదో పుస్తకం చదువుతుంది. నీ కాగితం ఆమెకు చూపించబోతే మడత కూడా విప్పలేదు. “ఆంటీ, నేనొక్కదాన్నయితే నెల పడ్తది. మీ పెనం కాడ పెట్టుండ్రి, తలా ఒక లైన్ చూస్తం” అన్నది. నాకు అది మంచి ఉపాయం అనిపించింది. పుల్కాల పెనం పక్క గోడకు చపాతి పిండి ముద్దతో నాలుగు మూలలా అంటించాను. ఒక లైను దిద్దినవాళ్లకు పెనం మీది నుంచి వేడి పుల్కా, దిద్దనివాళ్లకు డబ్బాలో చల్లారింది. అట్ల కట్టడి పెట్టాను.

మొదటి రోజు నవ్వుకుంటూ వచ్చారు. కాగితం ముందర నిలబడ్డాక ఎవరూ నవ్వలేదు. వాళ్లు ఎందుకు ఊరుకున్నారో నాకు తెలియలేదు బిడ్డా, కష్టమైన ఇంగ్లీషేమో అనుకున్నాను. ఒక పిల్ల కళ్లు తుడుచుకున్నది. పొగ అనుకుని ఫ్యాను పెద్దగా చేశాను.

మా సూపర్‌వైజర్ నరహరి సారు వచ్చి, “ఏంది కాశమ్మా, ఇది మెస్సా, నోటీసు బోర్డా?” అన్నాడు.

“మా మనుమరాలి ఇంగ్లీష్ సార్, దిద్దిస్తున్న.”

“అట్లయితె పెనం మీదనే ఏసి కాల్చు, జల్ది ఉడుకుతది” అని కాగితం పీకడానికి చెయ్యి పెట్టాడు. పెట్టిన చెయ్యి అట్లనే ఉంచి చదివాడు. ఆఖరు దాకా చదివాడు. తర్వాత నా మొహం చూడకుండా, “జర మీదికి అంటియ్యి, నూనె చిందుతది” అని వెళ్లిపోయాడు. సారుకు ఆ రోజు మనసు మంచిగ ఉన్నది అనుకున్నాను నేను. ఎంత పిచ్చిదాన్ని.

నీ ఉత్తరం రాగానే నిరోషను మెస్సు వెనక బండ మీద కూర్చోబెట్టాను. నీ పన్నెండు వాక్యాల్లో ఆమెకు గుర్తున్నవన్నీ తెలుగులో చెప్పించుకున్నాను. ఆ పిల్ల బిత్తరపోయింది. “ఆంటీ, మీకు తెల్వదా? మీకు తెలిసే పెట్టిండ్రనుకున్నం అందరం! పాపకు ధైర్యం చెప్పుమని మీరే అడుగుతున్నరనుకున్నం” అన్నది. ఆ పూట నా చేతిలో ఒక్క పుల్కా గుండ్రంగా రాలేదు.

నీ గుట్టు గోడకెక్కించినదాన్ని నేనే. చదువు రానిదాన్ని గదా అని తప్పించుకోను. చదువు రానిదానికి ఇంకా భద్రం ఉండాలి. నన్ను తిట్టుకో, నువ్వు తిట్టినా నాకు నీ గొంతే వినిపిస్తుంది.

నీది బయటపెట్టాను కాబట్టి నాది కూడా చెప్పాలి. ఇంట్లో గడవక నా చదువు ఆగిందని నీకూ మీ నాన్నకూ చెప్పాను, మన పాస్టరు గారికి కూడా అదే చెప్పాను. అది నిజం కాదు. నన్ను క్రైస్తవ మిషనరీల బోర్డింగు బడిలో వేశారు. అన్నం, బట్ట, పుస్తకం అన్నీ వాళ్లవే. నా తలలో పేలు చూసి, శనివారం గుండు చేయిస్తామన్నారు. అప్పుడు నా జడ నడుము దాటి ఉండేది. శుక్రవారం కంచె దాటి ఊరికి నడిచాను, పన్నెండు కిలోమీటర్లు. జడ కోసం చదువు వదిలిన మనిషిని నేను. ఇప్పుడు ఆ జడ చిటికెన వేలంత లేదు.

ఇంటికి వస్తే మా అమ్మ తిట్టలేదు, కొట్టలేదు. తెల్లారి మిరప చేనుకు వెంట తీసుకుపోయింది. మళ్లీ పోతావా అని మాత్రం ఎవరూ అడగలేదు. నాలుగు దినాలు పోయాక అడిగితే ఊ అనేదాన్నేమో. నన్ను అడిగినవాళ్లు లేరు, నేను చెప్పిందీ లేదు.

దరఖాస్తు చేరింది. మీ నాన్నకు ఇంకా చూపలేదు. కొంచెం ఓపిక పట్టు. నువ్వు వద్దన్నావు కాబట్టి పదో తారీకున రాము.

నీ నానమ్మ.

•

కాలేజీ హాస్టల్,
17 ఆగస్టు 2025.

నానమ్మా,

పది రోజులు నీ మీద కోపంగానే ఉన్నాను. ఆ కాగితం చింపేద్దామని తీశాను. చింపేముందు ఒకసారి పూర్తిగా చదివాను. మొదట కోపంలో చేతిరాతలు లెక్కపెట్టానే తప్ప, ఏం రాశారో చదవలేదు.

వాళ్లు తప్పులు దిద్దలేదు నానమ్మా. నా ఒక్కొక్క వాక్యం కింద వాళ్ల సంగతి రాశారు. నిద్ర నటిస్తా అన్నదాని కింద ఒకామె, ‘నేను రెండేళ్లు నటించాను, తర్వాత అలవాటుగా నిద్ర పట్టేసింది’ అని రాసింది. ఇది నా చోటు కాదు అన్నదాని కింద ఆకుపచ్చ ఇంకుతో, ‘యూ హ్యావ్ టు వెయిట్ ఫర్ ఎ ప్లేస్’ అని ఉంది. చోటు కోసం కూడా ఎదురు చూడాలట, బస్సు కోసం చూసినట్టు. ఇంకొకామె, ‘ఈ మెస్సులో తెలుగు మీడియం వాళ్లం పదకొండు మందిమి, మేం ఒకే బల్ల మీద తింటాం’ అని తెలుగులోనే రాసింది. అన్నిటికంటే కింద ఎవరో, ‘ఐ యాగ్రీడ్ టు కరెక్ట్ దిస్ ఫర్ ఎ హాట్ పుల్కా, బట్ ఆంటీ గేవ్ మీ ఎ బర్న్‌ట్ వన్’ అని రాశారు. వేడి పుల్కా కోసం దిద్దడానికి ఒప్పుకుంటే నువ్వు మాడింది పెట్టావట!

అది చదివి గట్టిగా నవ్వాను. పక్క మంచం మీద అమల దుప్పటి తీసి, “ఏందే, పిచ్చి లేసిందా?” అంది. “నువ్వు నిద్రపోలేదా?” అన్నా. “ఎప్పుడు పోయిన్నే నేను? నువ్వు నిద్రపోతున్నవు గదా, లేపుడెందుకని ఊకున్న” అంది. ఆమె కూడా కోదాడ దగ్గర తెలుగు మీడియమేనట. ఆమెకు ఇంకా పేరు పెట్టలేదు, ఎందుకంటే ఇంతవరకు క్లాసులో నోరే తెరవలేదు. నెలన్నర నుంచి ఇద్దరం ఎదురెదురుగా నిద్ర నటిస్తున్నాం నానమ్మా.

ఇప్పుడు ఇద్దరం కలిసి తింటున్నాం.

అయినా దరఖాస్తు పంపు. అమల దొరికినంత మాత్రాన ఫిజిక్స్ అర్థం కాదు. మొన్న స్లిప్ టెస్టులో ఇరవై అయిదుకు నాలుగు వచ్చాయి. నాలుగుతో, నేను కోరుకున్న నర్సింగు సీటు ఎవరూ ఇవ్వరు. నువ్వు దాన్ని నాన్నకు చూపకుండా బైబిల్లో దాచి ఉంటావు, నాకు తెలుసు.

ఇంకో అబద్ధం నాది కూడా ఉంది. మీరు వస్తామన్న రోజుల్లో టెస్టులు లేవు. మిమ్మల్ని చూస్తే నీ కొంగు పట్టుకుని బస్సెక్కేస్తా. అంతమందిలో అలా ఏడుస్తూ పోవడం ఇష్టం లేక రావద్దన్నా. వచ్చే నెల కూడా రావద్దు.

నీ జడ సంగతి ఎవరికీ చెప్పను. ఫొటో ఏమైనా ఉందా?

భూమిక.

•

తార్నాక,
26 ఆగస్టు 2025.

బంగారు తల్లికి,

నీకు జ్వరం ఏమీ లేదు గదా? వానలు పడుతున్నాయి, తల తడిపి నిద్రపోకు. అమల దుమ్ముకు తుమ్ముతుంది అన్నావు, ఆమె దుప్పటి ఎండలో వేయమను. పాపం, ఆ పిల్ల తుమ్మితే నిన్ను అవతలికి తిరిగి పడుకోమని రాసింది నేనే. ఫొటో లేదు. ఆ కాలంలో మాకు ఫొటో ఎవరు తీస్తారు?

దరఖాస్తు బైబిల్లోనే ఉండె. నీకు తెలియకుండా నేను ఏదీ దాచలేను.

ఆదివారం గుడి నుంచి వచ్చాక అందరి ముందర పెట్టాను. ఏమేం జరిగిందో మొత్తం చెప్పాను, గోడ సంగతితో సహా. మీ నాన్న కాగితం చదివి పక్కన పడేశాడు.

“సంతకం లేదు, ఏం లేదు. ఆ సీటు కోసం ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగిన్నో నీకు తెల్వదా అమ్మా? బట్టల షాపుల చీరెలు మడత పెట్టుడానికా కన్నది?”

“పెట్టు రత్నాకర్.”

“నువ్వంటున్నవా? నువ్వు?”

“నేనే అంటున్న. ఈ కాగితం మన తాన ఉంటె దాన్ని మనం కట్టేసినట్టుంటది. దాని తాననే ఉంటె, ఉండుడో పోవుడో అదే అనుకుంటది.”

మీ అమ్మ మిషను ఆపి, “అత్తమ్మా, పొయ్యి మీద పాలు పెట్టి పక్కింటికి పోవడానికే భయపడేటి మనిషివి, ఇదెట్ల అనబుద్ధయితున్నది నీకు?” అన్నది. నిజమే. గోడకు ఆనుకుని నిలబడే అన్నాను.

మీ తాత సామేలు చివరికి, “పెట్టురా. పిల్ల ఇంగ్లీష్ నేర్సుకోవాలె. మనం పిల్లని నమ్ముడు నేర్సుకుందం” అన్నాడు. ఆయనకు అంత మాట వస్తుందని యాభై ఏళ్లలో నాకు తెలియదు.

మీ నాన్న సంతకం పెట్టాడు. పెన్ను ఎంత ఒత్తి పెట్టాడో అటువైపు కూడా కనిపిస్తుంది చూడు. పెట్టి వ్యాను తాళాలు తీసుకుని బయటికి పోయాడు. మధ్యాహ్నం అన్నానికి రాలేదు. సాయంత్రం వచ్చి, “తారీకు ఎయ్యలేదు నేను. అదే ఏసుకుంటది” అన్నాడు.

ఆ కాగితం దీంట్లో పెట్టాను. తారీకు చోటు ఖాళీగా ఉన్నది. రేపు ఇచ్చినా సరే, సంవత్సరం పోయాక ఇచ్చినా సరే, అసలే ఇవ్వకపోయినా సరే. నువ్వు ఇంటికి వస్తే తలుపు తీస్తాను, అన్నం పెడతాను. నాలుగు దినాలు పోయాక మళ్లీ పోతావా అని అడుగుతాను. నువ్వు లేదంటే నెలకు మళ్లీ అడుగుతాను. ఇది మాత్రం ముందే చెప్పి పెడుతున్నాను, తర్వాత నానమ్మ సతాయిస్తుంది అనొద్దు.

ఈ కవరు డబ్బాలో వేసేదాకా నన్ను నేను నమ్మను. తాతకు ఇచ్చి పంపుతున్నాను, ఆయన వెనక పోకుండా వనజ నన్ను పట్టుకున్నది.

నువ్వు రమ్మంటేనే వస్తాను.

నీ నానమ్మ.

•

కాలేజీ హాస్టల్,
4 సెప్టెంబర్ 2025.

నానమ్మకు,

కవరు చేరింది. నాన్న సంతకం వేలితో తడిమి చూశాను. అవతలి వైపు నిజంగానే తగులుతోంది.

నాలుగు రోజులుగా ఆ కాగితం బోటనీ నోట్సులో పెట్టుకుని తిరుగుతున్నా. క్లాసుకు పోవాలంటే ప్రిన్సిపల్ మేడమ్ గది ముందు నుంచే దారి. మొదటి రోజు గుమ్మం దాకా పోయా. మేడమ్ ఫోన్‌లో ఉన్నారు. రేపిద్దాం అనుకున్నా. మర్నాడు మేడమ్ ఖాళీగానే ఉన్నారు. ఎందుకో ఇంకో రోజు చూద్దాం అనిపించింది. ఎప్పుడంటే అప్పుడు పోవచ్చు అని తెలిశాక అంత తొందర లేదు నానమ్మా. ఇంతకుముందు తలుపు వేసినట్టుండేది, అందుకే రోజంతా తలుపు వైపే చూస్తూ ఉండేదాన్ని.

నిన్న బోటనీ మేడమ్ వేళ్ల గురించి అడిగారు, నీళ్లు పైకి ఎలా పోతాయని. చెయ్యెత్తా. సగం ఇంగ్లీషులో, సగం తెలుగులో చెప్పా. వెనక బెంచీ నుంచి “క్రియా, ఫుల్ ఫామ్‌ల ఉన్నవే!” అని ఒక పిల్ల అంది. అమల గిర్రున తిరిగి, “అయితె నువ్వు చెప్పు ఆన్సర్. దా, లేచి చెప్పు” అంది. ఇన్ని రోజుల్లో క్లాసులో ఆమె మాట్లాడింది ఇదే మొదటిసారి. ఆ పిల్ల లేవలేదు, ఆమెకు జవాబు తెలియదు. మేడమ్ నన్ను కూర్చోమని, నేను తెలుగులో చెప్పిన సగాన్ని ఇంగ్లీషులో బోర్డు మీద రాసి, అందరినీ రాసుకోమన్నారు. ఆ నవ్వినవాళ్లు కూడా రాసుకున్నారు.

ఫిజిక్స్‌లో ఈసారి పదకొండు వచ్చాయి. గొప్ప మార్కులేం కాదు. పోయినసారి నాలుగు, అది గుర్తు పెట్టుకో.

దివాకర్ సార్‌కు వాక్యాలు కొత్తగా రాసి ఇచ్చా. పాతవాటిలో కొన్ని ఇప్పుడు నిజం కాదు, అలాగే ఇస్తే అబద్ధమవుతుంది. ఐ ప్రామిస్ టు స్టే అని మాత్రం రాయలేదు. అంత ఖాయంగా చెప్పలేను. ఐ విల్ ట్రై టు స్టే అని రాశా. ఉండడానికి ప్రయత్నిస్తా. డిసెంబర్ పరీక్షల దాకా చూస్తా. కాగితం నా దగ్గరే ఉంటుంది, నాన్నకు చెప్పు.

మీ మెస్సు అక్కలకు అని ఇంకో కాగితం పెట్టాను. అది గోడకు అంటించవచ్చు. నేనే అడుగుతున్నా.

ఇంకో మాట. ఈ నెల రెండో ఆదివారం రండి. పొద్దున వచ్చి సాయంత్రం దాకా ఉండండి. బస్సెక్కేటప్పుడు నేను గేటు దాకా వస్తా, అక్కడి నుంచి వెనక్కి పోతా. పోగలను అనుకుంటున్నా.

భూమిక.

•

తార్నాక,
8 సెప్టెంబర్ 2025.

నా బంగారు తల్లికి,

నీ ఉత్తరం ఈ రోజే వచ్చింది, ఈ రోజే రాస్తున్నాను, నీకు అందుతుందో లేదో అని భయం. అందకపోతే అని వార్డెన్ మేడమ్ ఫోన్‌కు కూడా మీ నాన్నతో చెప్పించాను. మీ నాన్న నీ ఉత్తరం రెండుసార్లు చదివాడు. “పదకొండా!” అన్నాడు. తర్వాత వ్యాను కడగడానికి పోయి చాలాసేపు రాలేదు.

నీ కాగితం గోడ మీద ఉన్నది. ఈసారి నూనె తగలకుండా ఎత్తులో పెట్టాను. ముందుగా నిరోషతో నాకు తెలుగులో చదివించుకున్నాకే అంటించాను. మాడిన పుల్కా ఎవరికి పెట్టానో మాత్రం తెలియడం లేదు. అడిగితే అయిదుగురు చేతులెత్తారు.

నరహరి సారు సెలవిచ్చాడు. ఆదివారం గుడికి రాము అని పాస్టరు గారికి చెప్పాను, ఆయన నీ కోసం ప్రార్థన చేస్తానన్నాడు. ఉప్పల్‌లో ఏడు గంటల జనగామ బస్సు. అది దొరకకపోతే ఎట్ల అని ఆరింటికే పోయి నిలబడతాం. వాన పడితే ఎట్ల, బస్సు చెడిపోతే ఎట్ల, మీ గేటు కాడ ఆధార్ కార్డు అడిగితే ఎట్ల అని మీ తాతను అడుగుతుంటే, “అన్ని ఎట్లలకు ఒక్కటే జవాబు, పోదం” అంటున్నాడు. నీకు పెసర గారెలు తెస్తున్నాను, అమలకు కూడా. ఆమెకు ఏదైనా పడకపోతే ముందే ఫోన్ చేయించు.

నేను ఏడిస్తే పట్టించుకోకు. నా కళ్లకు అది అలవాటు. సాయంత్రం అయిదు గంటల బస్సుకు, నువ్వు గేటు కాడ ఆగు, మేం ఇద్దరం వచ్చినట్టే ఇద్దరం ఎక్కుతాం. నువ్వు లోపలికి పోయేదాకా నేను కిటికీలోంచి చూస్తాను. నువ్వు మాత్రం వెనక్కి తిరిగి చూడకు, చూస్తే నేనే దిగి వచ్చేస్తానేమో.

అయితే ఖాయం. సెప్టెంబర్ పద్నాలుగు, ఆదివారం, పొద్దున పది గంటలకు మీ గేటు కాడ.

నీ నానమ్మ,
కాశమ్మ.